మధ్యమెట్టు లేని నిచ్చెన: లక్షద్వీప్ నేతల నేపథ్యం

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి చనిపోయారు. మే 10న మనోహర్ జోషి కొత్త స్పీకర్‌గా ఎన్నికయ్యే దాకా ఆ కుర్చీ బాధ్యతలు చూసింది డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్. ఓటర్ల లెక్కన దేశంలోకెల్లా చిన్న నియోజకవర్గం లక్షద్వీప్ ఆయనది. అప్పటికి వరుసగా పదిసార్లు గెలిచి ఉన్నారు. మరో రెండేళ్లకు, 2004 ఎన్నికల్లో 71 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ప్రత్యర్థికి 15,597, ఆయనకు 15,526.

మన దగ్గర సర్పంచి ఎన్నికలో వినే మెజారిటీ అది. కానీ లక్షద్వీప్‌లో ఎవరు నాయకులవుతారు, ఎలా అవుతారు, గెలిచాక వాళ్ల చేతుల్లో ఏముంటుంది అన్నది తెలియాలంటే ఆ 71 దగ్గర ఆగితే చాలదు. ఓటు అన్నది లేని కాలం దాకా వెనక్కి వెళ్లాలి.

పదహారో శతాబ్దం నుంచి ఈ దీవుల మీద కన్నూరు అరక్కల్ వంశానిదే పెత్తనం. 1787లో అమినీ, కడ్మత్, కిల్తాన్, చెత్లత్, బిత్రా దీవులు టిప్పు సుల్తాన్ చేతికి వెళ్లాయి. 1799లో ఆయన పతనంతో అవి బ్రిటిష్‌వాళ్లకు దక్కి దక్షిణ కెనరా జిల్లాలో కలిశాయి. కవరత్తి, అగత్తి, ఆండ్రోత్, కల్పేని, మినికాయ్ మాత్రం పేరుకు అరక్కల్ బీబీవిగానే, అంటే ఆ వంశపు రాణివిగానే ఉండి, 1908లో పూర్తిగా బ్రిటిష్ ఏలుబడిలోకి వచ్చి మలబారులో చేరాయి. అంటే రెండు గుంపులకూ రెండు వేర్వేరు కలెక్టరేట్లు. పైన ఉన్నది మాత్రం ఒకటే మద్రాసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయే దాకా మన కోస్తా జిల్లాలూ ఈ దీవులూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయన్న సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

దీవి మీద రోజువారీ అధికారం అమీన్‌ది. సర్కారు నియమించిన స్థానికుడాయన. పక్కన సలహాకు కారణవర్లు, అంటే పెద్ద తరవాడుల (ఉమ్మడి కుటుంబాల) పెద్దలు. చిన్నచిన్న తగాదాలు తీర్చడం, జరిమానాలు వేయడం అన్నీ అమీన్ కచేరీలోనే. 1912 నాటి రెగ్యులేషన్ ఆ అధికారాన్ని కాగితం మీద పెట్టింది. ఊళ్లో తిండి లెక్క వేరే. కొబ్బరి పీచు తాడును సర్కారు తీసుకుని, బదులుగా తాను నిర్ణయించిన ధరకు బియ్యం ఇచ్చేది. తాడు పేనేది ఆడవాళ్లు, ఓడెక్కించేది మగవాళ్లు, ధర కట్టేది వేరెవరో. ఆ ఓడలు ఎవరివి అన్నదాన్ని బట్టే సమాజమూ మూడు పొరలు: ఓడలూ తోటలూ ఉన్న కోయలు, ఓడ నడిపే మాల్మీలు, చెట్లెక్కి కూలి చేసే మేలాచేరీలు. ఎన్నికలొచ్చాక ఈ పొరలు కరిగిపోయాయని అంటారు గానీ, ఏ తరవాడు ఎవరి వైపు అని ఇప్పటికీ లెక్కేసుకునే చోట అవి పూర్తిగా పోయాయనుకోవడం కష్టం. పైగా తరవాడు తల్లి వైపు నుంచి నడుస్తుంది. ఓటరు బంధుత్వాలను తండ్రి ఇంటిపేరుతో లెక్కేయడానికి అలవాటు పడ్డ మన కార్యకర్తలు అక్కడికెళ్తే తికమకపడతారు.

1956 నవంబరు 1న దీవులన్నీ కలిసి కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. 1964 దాకా పాలనా కేంద్రం కోజికోడ్‌లోనే ఉంది. పాలించే ఆఫీసుకు వెళ్లాలంటే సముద్రం దాటాలన్నమాట. పార్లమెంటుకు మాత్రం ఒక ప్రతినిధి ఉండేవారు, కాకపోతే రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. 1957 నుంచి పదేళ్లు కె. నల్ల కోయ తంగళ్ అలా కూర్చున్నారు. కేంద్రపాలిత ప్రాంతాల నుంచి లోక్‌సభకు నేరుగా ఎన్నికలు జరిపేందుకు 1965లో చట్టం వచ్చాక, 1967లో దీవుల జనం మొదటిసారి తమ ఎంపీకి ఓటేశారు. స్వతంత్రుడిగా నిలబడి గెలిచిన పి.ఎం. సయీద్ 1941లో ఆండ్రోత్‌లో పుట్టారు. ఒడ్డు దాటి వెళ్లి కాలేజీలో చదివి, లా పట్టా పుచ్చుకుని వచ్చిన తొలి తరం ఆయనది. దీవిలో పై చదువులు లేని రోజుల్లో చదువుకోవడమంటేనే కోజికోడ్‌కో మంగళూరుకో వెళ్లి గది అద్దెకు తీసుకోవడం. అక్కడి పరిచయాలే తర్వాత రాజకీయ పెట్టుబడి. రోగి ఆస్పత్రికి వచ్చినా, పిల్లవాడు కాలేజీలో చేరినా ఒడ్డున ఆదుకునే మనిషి కావాలి. ఆ మనిషే తర్వాత ఓటు అడుగుతాడు.

సయీద్ ఆ తర్వాత కాంగ్రెస్‌లో చేరారు. 1971లో పోటీయే లేకుండా గెలిచారు. 1980లో మాత్రం ఇందిర వైపు కాకుండా, చీలిక వర్గమైన కాంగ్రెస్ (యు) టికెట్టు మీద గెలిచారు. పార్టీ గుర్తు మారినా మనిషి మారలేదని దీవుల ఓటరు ముప్పై ఏళ్ల పైచిలుకు తీర్పిచ్చాడు. పీవీ నరసింహారావు మంత్రివర్గంలో హోం శాఖ, ఆపై సమాచార ప్రసార శాఖ సహాయమంత్రిగా చేశారు. ఎదురు శిబిరానికి మాత్రం బోర్డు మారుతూ వచ్చింది. 2004లో సయీద్‌ను ఓడించిన పి. పూకున్హి కోయ వైద్యుడు. అప్పుడు జేడీ(యూ), 2009కి ఎన్సీపీ. ఢిల్లీ పార్టీల పేర్లు చూసి ఇక్కడి రాజకీయం చదవబోతే తప్పులో కాలేస్తాం. ఉన్నవి రెండు శిబిరాలు. వాటికి ఏ పార్టీ గొడుగు దొరికితే అది. భాజపా 2019లో సొంతంగా నిలబడితే 125 ఓట్లు వచ్చాయి. 2024లో అజిత్ పవార్ ఎన్సీపీ అభ్యర్థికి భాజపా మద్దతిచ్చినా 201 దాటలేదు.

ఓడిన సయీద్‌ను మన్మోహన్ సింగ్ విద్యుత్ మంత్రిగా తీసుకున్నారు, ఢిల్లీ నుంచి రాజ్యసభకు పంపారు. 2005 డిసెంబరులో ఆయన మరణించారు. 2009లో కొడుకు హమ్దుల్లా సయీద్ గెలిచి ఆ లోక్‌సభలో అందరికంటే చిన్నవాడిగా అడుగుపెట్టారు. 2014లో ఎన్సీపీ తరఫున మహమ్మద్ ఫైజల్ ఆయన్ను ఓడించారు. ఫైజల్‌దీ ఆండ్రోతే. 2019లో మళ్లీ ఫైజల్: 22,851కి 22,028. తేడా 823. 2024లో సీన్ తిరగబడింది: హమ్దుల్లాకు 25,726, ఫైజల్‌కు 23,079. ఇద్దరి పార్టీలూ ఢిల్లీలో ఒకే ‘ఇండియా’ కూటమి.

ఆండ్రోత్ ఎందుకింత బరువు? 2011 లెక్కల్లో దీవుల మొత్తం జనాభా 64,473. కవరత్తి 11,221, ఆండ్రోత్ 11,191, మినికాయ్ 10,447. సగానికి మించి ఈ మూడింట్లోనే. తర్వాత అమినీ 7,661, అగత్తి 7,566, కడ్మత్ 5,404, కల్పేని 4,419, కిల్తాన్ 3,946, చెత్లత్ 2,347. చివర బిత్రా, 271 మంది. మినికాయ్ భాష మహల్, మాల్దీవుల దివేహికి చెల్లెలు. మిగతా తొమ్మిదింటిదీ మలయాళ యాస. కాబట్టి అక్కడి సభలో చేసిన ప్రసంగం ఇక్కడ పనికిరాదు. 71 ఓట్లంటే ఓ పెద్ద తరవాడు. ఒక పెళ్లికి వెళ్లకపోతే చాలు.

బయటివాళ్లు వచ్చి పోటీ చేసే దారి లేదు. సీటు ఎస్టీలకు రిజర్వు. మిగతా చాలా చోట్ల లోక్‌సభ అభ్యర్థి దేశంలో ఎక్కడ ఓటరైనా చాలు. లక్షద్వీప్‌కు మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం నాలుగో సెక్షన్ విడిగా చెబుతుంది: అక్కడి ఎస్టీ అయి ఉండాలి, అక్కడి ఓటరే అయి ఉండాలి. ఇంతకూ ఎస్టీ ఎవరు? 1951 ఉత్తర్వు ప్రకారం తానూ, తల్లిదండ్రులిద్దరూ దీవుల్లో పుట్టినవాళ్లు. తెగ పేరు లేదు, పుట్టిన చోటే కొలత. ఇందులోనే చిక్కొచ్చింది. కష్టమైన కాన్పులకు కొచ్చికో కోజికోడ్‌కో ఓడెక్కే తల్లులు ఎందరో. అక్కడ పుట్టిన బిడ్డ కాగితం మీద దీవి బిడ్డ కాకుండా పోయేది. 2008లో ఉత్తర్వును సవరించి, ప్రధాన భూభాగంలో పుట్టినా తిరిగొచ్చి దీవుల్లో స్థిరపడితే అక్కడ పుట్టినట్టే లెక్కిస్తామన్నారు.

గెలిచిన ఎంపీ ఏం చేయగలరన్నది అసలు ప్రశ్న. అసెంబ్లీ లేదు, కాబట్టి ఎమ్మెల్యే లేడు, మంత్రి లేడు. 239వ అధికరణ కింద రాష్ట్రపతి నియమించే అడ్మినిస్ట్రేటర్‌దే పాలన. 240 కింద రాష్ట్రపతి జారీ చేసే రెగ్యులేషనే చట్టం. ఎంపీకి ఉన్నవి పార్లమెంటులో ప్రశ్న, హోం శాఖ సలహా సంఘంలో కుర్చీ, ఏటా 5 కోట్ల ఎంపీ నిధులు. ఓటరు అడిగేవి మాత్రం ఎమ్మెల్యేను అడిగేవే: ఓడ టికెట్టు, రోగిని తరలించే హెలికాప్టరు, కాంట్రాక్టు ఉద్యోగం. కొచ్చి నుంచి దీవికి మామూలు ఓడలో పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటలు పడుతుంది. వానాకాలంలో ప్రయాణాలు తగ్గిపోతాయి. టికెట్టు దొరకనివాడి కోపం ఓడ నడిపే శాఖ దగ్గర ఆగదు, ఓటు వేసిన పేరు మీదికే పోతుంది.

కింది మెట్టు పంచాయతీ. 1988 రెగ్యులేషన్‌తో దీవి కౌన్సిళ్లు, పైన ప్రదేశ్ కౌన్సిల్ వచ్చాయి. 1994 పంచాయతీ రెగ్యులేషన్ వాటి స్థానంలో పది ద్వీప పంచాయతీలు, ఒక జిల్లా పంచాయతీ తెచ్చింది. జిల్లా పంచాయతీ అధ్యక్షుణ్ని చీఫ్ కౌన్సెలర్ అని కూడా పిలిచేవారు. పాత కౌన్సిల్ హోదా పేరు అలా మిగిలింది. విద్య, వైద్యం, వ్యవసాయం, చేపల వేట, పశుసంవర్ధకం ఈ సంస్థ చేతికి వచ్చాయి. కొత్తవాళ్లు రాజకీయం నేర్చుకున్న బడి అదే.

2020 డిసెంబరులో ప్రఫుల్ ఖోడా పటేల్ అడ్మినిస్ట్రేటర్‌గా వచ్చారు. ఆయనా ఒకప్పుడు ఓట్లతో గెలిచినవారే: 2007లో గుజరాత్ హిమ్మత్‌నగర్ ఎమ్మెల్యే, ఆపై ఆ రాష్ట్ర హోం సహాయమంత్రి, 2012లో ఓటమి. 2021 మేలో ఆ ఐదు శాఖలనూ పంచాయతీ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీకి పోటీ చేయరాదని ముసాయిదా తెచ్చారు. 2017 డిసెంబరులో ఎన్నికైన పంచాయతీల గడువు 2023 ఆరంభంలో ముగిసింది. ఆ తర్వాత 2025 జులై నాటికీ ఎన్నికలు పెట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఎంపీ కుర్చీ కూడా ఊగిసలాడింది. 2009 ఎన్నికల వేళ పి.ఎం. సయీద్ అల్లుడి మీద జరిగిన దాడి కేసులో 2023 జనవరి 11న కవరత్తి కోర్టు ఫైజల్‌కు హత్యాయత్నం కింద పదేళ్ల శిక్ష వేసింది. రెండేళ్లు, అంతకు మించిన శిక్ష పడితే దోషిగా తేలిన రోజు నుంచే అనర్హత. 13న లోక్‌సభ సచివాలయం నోటిఫికేషన్. 18న ఎన్నికల సంఘం ఉప ఎన్నిక ప్రకటించింది. 25న కేరళ హైకోర్టు శిక్షను, దోషి నిర్ధారణను నిలిపేయడంతో ఆ ఎన్నిక ఆగింది. అయినా సభ్యత్వం వెనక్కి రావడానికి మార్చి 29 దాకా పట్టింది, అదీ సుప్రీంకోర్టు తలుపు తట్టాక. ఆగస్టులో సుప్రీం ఆ ఉత్తర్వును కొట్టేసి మళ్లీ చూడమంది. అక్టోబరు 3న హైకోర్టు ఈసారి దోషి నిర్ధారణను ఆపేందుకు ఒప్పుకోలేదు, మర్నాడే రెండో వేటు. 9న సుప్రీం స్టే, నవంబరు 2న మళ్లీ ఎంపీ. ఏడాదిలో రెండుసార్లు దీవులకు ప్రతినిధి లేకుండా పోయాడు. పక్కన ఎమ్మెల్యేలు, జడ్పీ ఉన్న చోట ఇది వార్త. ఇక్కడ శూన్యం.

సముద్రానికి ఆవలి వైపున్న అండమాన్‌కూ అసెంబ్లీ లేదు. కానీ అక్కడ మునిసిపాలిటీ ఉంది. 13 శాతం దాకా ఉన్న తెలుగువాళ్ల ఓట్ల బలంతో 2023 మార్చిలో భాజపా మద్దతు తోడై పోర్ట్‌బ్లెయిర్ మునిసిపల్ చైర్‌పర్సన్ పదవి తెలుగుదేశానికి దక్కింది. బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు నాయకులయ్యే వీలు అక్కడుంది. లక్షద్వీప్‌లో చట్టమే ఆ తలుపు మూసింది, లోపలివాళ్ల మేలు కోరే.

2025 జులైలో బిత్రా దీవి భూమి మొత్తాన్ని రక్షణ అవసరాలకు తీసుకునేందుకు సామాజిక ప్రభావ అంచనా చేపడుతున్నట్టు పాలనా విభాగం నోటిఫికేషన్ ఇచ్చింది. 2011లో 271 మంది ఉన్న ఆ దీవే. అభ్యంతరం చెప్పడానికి ఎన్నికైన ద్వీప పంచాయతీ లేదు, జిల్లా పంచాయతీ లేదు. ఎన్నికైనవాడిగా వద్దన్నది ఒక్క హమ్దుల్లా సయీద్. ఆయన వద్దన్న మాట వెళ్లాల్సింది కూడా ఆ అడ్మినిస్ట్రేటర్‌ను నియమించిన కేంద్రం దగ్గరికే.