ర్యామ్ పెంచితే సర్వర్ పరుగెత్తుతుందా?

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలైనప్పుడల్లా తిరుపతి సాఫ్ట్‌వేర్ వర్గాల్లో పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. అంత రద్దీని తట్టుకోవాలంటే ఏ డేటాబేస్ సర్వర్‌కైనా ర్యామ్ పెంచితే చాలని కొందరంటారు. డేటా మొత్తాన్ని మెమరీలోనే ఉంచి పనిచేసే ఇన్-మెమరీ డేటాబేస్‌కు మారక తప్పదని మిగతావారంటారు.

డిస్కు నెమ్మది, మెమరీ వేగం అన్నది అందరికీ తెలిసిందే. ఈ వాదనను తేల్చే మలుపు మాత్రం 2008లో వచ్చింది. స్టావ్రోస్ హరిజోపౌలోస్, డేనియల్ అబాది, శామ్యూల్ మాడెన్, మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే పరిశోధకులు కలిసి, డిస్కు కోసం కట్టిన షోర్ అనే డేటాబేస్‌ను విప్పి చూశారు. డేటా అంతా అప్పటికే మెమరీలో ఉంది. అయినా సెకనుకు 640 లావాదేవీలే. బఫర్ పూల్ (డిస్కు పేజీలను మెమరీలో నిర్వహించే భాగం), లాకులు (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళాలు), లాచ్‌లు (లోపలి నిర్మాణాలకు క్షణకాలం వేసే చిన్న తాళాలు), లాగింగ్ (ప్రతి మార్పునూ చిట్టాలో రాయడం) ఒక్కొక్కటే పీకేస్తూ పోతే అదే యంత్రం 12,700 చేసింది. ర్యామ్ ఇసుమంతైనా పెంచలేదు!

డిస్కు కోసం కట్టిన డేటాబేస్ ఒక్క వరుస చదవాలన్నా పేజీ నంబరు పట్టుకుని పట్టికలో వెతకాలి, పేజీని పిన్ చేయాలి (మెమరీలోంచి తీసేయకుండా పట్టి ఉంచాలి), లాచ్ వేయాలి. పేజీ మెమరీలోనే ఉన్నా ఈ తంతు తప్పదు. ఇన్-మెమరీ ఇంజిన్ పాయింటర్‌తో (మెమరీలోని చిరునామాతో) నేరుగా అక్కడికే వెళ్తుంది. రెడిస్ అనే ఇన్-మెమరీ డేటాబేస్ అయితే ఆదేశాలను ఒకే థ్రెడ్‌పై (ఒకే పని వరుసలో) ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది. మిగిలిన టికెట్లు సున్నా కంటే ఎక్కువ ఉన్నాయా అని చూడటం, ఒకటి తగ్గించడం రెండూ రెడిస్ లోపలే నడిచే ఒకే లువా స్క్రిప్టులో (చిన్న ప్రోగ్రాములో) పెడితే లాకు లేకుండానే ఒక టికెట్ ఇద్దరికి పోకుండా ఆగుతుంది.

ఆ ఒక్క థ్రెడ్డే కొంప ముంచగలదు కూడా. లక్షల కీలు (డేటాను గుర్తించే పేర్లు) ఉన్నచోట ఎవరైనా వాటన్నిటినీ ఒకేసారి అడిగే 'కీస్' ఆదేశం ఇస్తే అది ముగిసేదాకా అందరూ నిలబడాల్సిందే. దాని బదులు కొన్ని కొన్నిగా చూపే 'స్కాన్' వాడాలి. స్నాప్‌షాట్ (డేటా మొత్తాన్ని డిస్కుపైకి తీసే నకలు) కోసం రెడిస్ ఫోర్క్ అయిన (తనలాంటి ఇంకో ప్రక్రియను పుట్టించిన) సమయంలో రాతలు ఎక్కువుంటే మెమరీ వాడకం రెట్టింపు దాకా పోవచ్చు. ఆ జాగా ముందే ఖాళీగా ఉంచకపోతే స్వాప్‌లోకి (మెమరీకి బదులు వాడే డిస్కు భాగంలోకి) జారి వేగమంతా పోతుంది. మెమరీ నిండినప్పుడు పాటించే విధానం 'నోఎవిక్షన్' (పాత కీలను తీసేయకుండా కొత్త రాతలను నిరాకరించడం) అయి ఉండాలి. లేదంటే బుకింగ్ కీలే తుడిచిపెట్టుకుపోవచ్చు.

కరెంటు పోతే డేటా గతేమిటని ర్యామ్ పక్షం అడిగేది న్యాయమైన ప్రశ్నే. దానికి దారి 1984లోనే పరిశోధకుడు డేవిడ్ డివిట్ బృందం చూపింది: గ్రూప్ కమిట్. లావాదేవీకొకసారి డిస్కు దగ్గరికి పోకుండా, చాలావాటి లాగ్‌ను కలిపి ఒకేసారి రాయడం. రెడిస్ లాగ్‌ను 'ఎవ్రీసెక్' అనే అమరిక మీద పెడితే సెకనుకోసారి డిస్కుకు చేరుతుంది, ప్రమాదంలో దాదాపు ఒక సెకను రాతలు పోవచ్చు. డబ్బు కట్టిన టికెట్‌కు ఆ హామీ చాలదు. అందుకే టికెట్‌ను పది నిమిషాలు పట్టి ఉంచే పని మెమరీకి అప్పగించి, చెల్లింపు పూర్తయినదాన్ని ప్రతి కమిట్‌కూ (లావాదేవీ ఖరారైన ప్రతిసారీ) డిస్కుపై రాసే డేటాబేస్‌లోనే నమోదు చేయాలి.