పిట్యూటరీ మీద పెత్తనం ఎవరిది?

థైరాయిడ్ అనుమానం రాగానే డాక్టర్ రాసే టెస్టు టీఎస్‌హెచ్. రిపోర్టులో ఆ అంకె చూసి టెన్షన్ పడేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. థైరాయిడ్‌ను పనిచేయించే ఈ హార్మోన్ థైరాయిడ్‌లో పుట్టదు. మెదడు అడుగున, ముక్కు మొదలుకు వెనకగా ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని తయారుచేసి పంపుతుంది. ఆ గ్రంథి బరువు అర గ్రాము. ఎదుగుదల, సంతానశక్తి, పాలు పడటం, అడ్రినల్ గ్రంథుల పని, అన్నిటి మీదా దాని పెత్తనమే. మరి దాని మీద పెత్తనం ఎవరిది? 1924లో ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో పుట్టిన రోజర్ గిల్లెమిన్ పరిశోధన జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

జవాబు ఎటువైపు ఉందో ఇంగ్లండ్‌లో జెఫ్రీ హారిస్ అప్పటికే చూపించాడు. ఎలుకల్లో పిట్యూటరీని తీసి మెదడులో వేరేచోట అతికిస్తే అది పని మానేసేది. పిట్యూటరీకి సరిగ్గా పైన ఉండే మెదడు భాగం హైపోథాలమస్. దాని కిందే అతికిస్తే, అక్కడి సన్నటి రక్తనాళాలు అల్లుకున్నాక మళ్లీ పనిచేసేది. అంటే హైపోథాలమస్ నుంచి ఏవో రసాయనాలు ఆ నాళాల్లో దిగుతున్నాయి. కానీ అలాంటి రసాయనం ఒక్కటైనా చూపిస్తేనే నమ్ముతామన్నారు సందేహించినవాళ్లు. వాళ్లు అడిగిందీ న్యాయమే.

1955లో హ్యూస్టన్‌లో గిల్లెమిన్, మాంట్రియల్‌లో ముర్రే సఫ్రాన్, ఆండ్రూ షాలీ విడివిడిగా ఒకే సంగతి గమనించారు. గాజుపాత్రలో పెంచుతున్న పిట్యూటరీ కణాల పక్కన హైపోథాలమస్ ముక్క వేస్తే, అడ్రినల్ గ్రంథులను పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోన్ విడుదలవుతోంది. 1957లో షాలీ హ్యూస్టన్ వచ్చి గిల్లెమిన్‌తో చేరాడు. ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి వెతికినా ఆ రసాయనం చిక్కలేదు. 1962లో షాలీ న్యూ ఆర్లియన్స్‌లో సొంత ల్యాబ్ పెట్టుకున్నాడు. అక్కడి నుంచి ఇద్దరికీ పడలేదు. ఒకరు గొర్రెల మెదళ్లు, ఇంకొకరు పందుల మెదళ్లు పట్టుకుని, ఈసారి టీఎస్‌హెచ్‌ను వదలమని పిట్యూటరీకి ఆజ్ఞ మోసే హైపోథాలమస్ రసాయనం టీఆర్‌హెచ్ మీద పోటీకి దిగారు.

అసలు ఇబ్బంది పరిమాణంతోనే. గిల్లెమిన్ బృందం యాభై లక్షలకు పైగా గొర్రెల మెదళ్లు సేకరించింది. ల్యాబ్ చేతుల మీదుగా నడిచిన హైపోథాలమస్ ముక్కలు యాభై టన్నులు దాటాయి. చివరికి మూడు లక్షల గొర్రెల నుంచి శుద్ధి చేస్తే మిగిలింది ఒక్క మిల్లీగ్రాము. ఖర్చు పెడుతున్న అమెరికా ప్రభుత్వ సంస్థకు ఓపిక నశించడంలో వింతేమీ లేదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మధ్యలో జరిగిన ఒక తిరకాసు. టీఆర్‌హెచ్‌లో గ్లుటామిక్ ఆమ్లం, హిస్టిడిన్, ప్రోలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు (ప్రొటీన్లను కట్టే ఇటుకలు) ఉన్నాయని 1966లోనే షాలీకి తెలిసింది. కానీ శుద్ధి చేసిన పదార్థం బరువులో వాటి వాటా మూడో వంతు కూడా లేదు. ఆ మూడింటితో మందుల కంపెనీ మెర్క్ ఎనిమిది రకాల అణువులు కట్టి ఇచ్చింది. ఒక్కటీ పనిచేయలేదు. దాంతో షాలీ ఆ దారి వదిలేశాడు. దారి సరైనదే. అణువుకు ఒక చివర గ్లుటామిక్ ఆమ్లం తనలో తానే ముడుచుకుని ఉంగరంలా మూసుకుపోయింది, రెండో చివర ప్రోలిన్‌కు అమైడ్ అనే చిన్న రసాయన తోక తగులుకుంది. రెండు కొసలూ ఇలా మూసుకుంటే తప్ప అది టీఆర్‌హెచ్ కాదు. 1969లో రెండు బృందాలూ కొద్ది వారాల తేడాతో ఇది తేల్చాయి.

తర్వాత పని చకచకా సాగింది. సంతాన హార్మోన్లను నడిపించే పది అమైనో ఆమ్లాల జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణాన్ని 1971లో షాలీ ముందుగా ప్రకటించాడు. దాన్ని విడతలు విడతలుగా ఇస్తే పిట్యూటరీ మేలుకుంటుంది, ఆపకుండా ఇస్తే చల్లబడుతుంది. వయసు రాకముందే ఈడేరే పిల్లలకూ, ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ ఇచ్చే మందుల కిటుకు ఇదే. అప్పటికి కాలిఫోర్నియాలోని సాల్క్ పరిశోధన సంస్థకు మారిన గిల్లెమిన్ ల్యాబ్, ఎదుగుదల హార్మోన్‌ను పెంచే రసాయనం కోసం వెతుకుతుంటే దాన్ని అణిచేది దొరికింది. అదే 1973 నాటి సొమాటోస్టాటిన్. రక్తంలో అది కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఎక్కువసేపు నిలిచేలా దాని పోలికతో తయారైన ఆక్ట్రియోటైడ్‌ను అక్రోమెగలీకి వాడుతున్నారు. ఎదుగుదల హార్మోన్ మితిమీరి చేతులు, పాదాలు, దవడ పెరిగిపోయే జబ్బు అది. 1977లో నోబెల్ వచ్చింది. సగం హార్మోన్లను కొలిచే పద్ధతి కనిపెట్టిన రోజలిన్ యాలోకు, మిగతా సగం ఈ ఇద్దరు ప్రత్యర్థులకు.

ఎదుగుదల హార్మోన్‌ను పెంచే రసాయనం మాత్రం లక్షల మెదళ్లలో వెతికినా చేతికి రాలేదు. 1982లో అది దొరికింది మెదడులో కాదు, అక్రోమెగలీ రోగుల క్లోమంలోని కణితుల్లో. గిల్లెమిన్ పరీక్షించిన కణితి ఫ్రాన్స్‌లోని లియాన్ రోగిది. అమెరికాలోని వర్జీనియా రోగి కణితి నుంచి అదే రసాయనాన్ని బయటికి తీసిన బృందానికి పెద్ద వైలీ వేల్, ఒకప్పటి గిల్లెమిన్ శిష్యుడు. అప్పటికి అదే సాల్క్ సంస్థలో వేరు కాపురం. వర్జీనియా రోగికి ముందు పిట్యూటరీకే ఆపరేషన్ చేశారు. తీసిన ముక్కలో కణితి లేదు, కణాలు మాత్రం లెక్కకు మించి పెరిగి ఉన్నాయి. ఎక్కడి నుంచో ఏదో వాటిని తరుముతోందని వైద్యులకు అనుమానం వచ్చి వెతికితే క్లోమం బయటపడింది. ఇలాంటి కేసులు బహు అరుదు. అయినా పిట్యూటరీ ఉబ్బి కణితి కనిపించకపోతే డాక్టర్లు ఇప్పుడు క్లోమాన్నీ ఊపిరితిత్తులనూ కూడా స్కాన్ చేయిస్తారు.