ముప్పు ఉందని చెప్పేదెవరు?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

మీ కాలేజీలో ‘దేశ భద్రత ముఖ్యమా, ప్రజాస్వామ్యం ముఖ్యమా’ అని సర్వే పెడుతున్నారని, దేనికి టిక్ పెట్టాలో తేలడం లేదని రాశారు. నాకైతే అసలు ఆ ప్రశ్నే సరిగా లేదనిపించింది. ఎందుకో చెప్పాలంటే, మీరు పొద్దస్తమానం పాటలు వినే కొరియా సంగతి చెప్పాలి.

2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర కావస్తుండగా దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలోకి వచ్చి మార్షల్ లా, అంటే సైనిక పాలన, ప్రకటించాడు. ఉత్తర కొరియా కమ్యూనిస్టుల నుంచి, ఇంట్లోనే ఉన్న దేశద్రోహుల నుంచి కాపాడటానికే అన్నాడు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. సియోల్‌కి సరిహద్దు యాభై కిలోమీటర్ల దూరమే. అక్కడి మగపిల్లలు చదువు మధ్యలో ఆపేసి మరీ ఏడాదిన్నర సైన్యంలో చేసి రావాలి. మనకి భద్రత అంటే టీవీలో చర్చ, వాళ్లకి సొంత వయసులోంచి పోయే ఏడాదిన్నర.

కానీ ఆ రాత్రి వచ్చిన ఉత్తర్వు చూడండి. పార్లమెంటు, పార్టీలు, సభలు, ధర్నాలు అన్నీ బంద్. పత్రికలు, టీవీలు సైన్యం కింద. ఆపైన ఇంకో ముక్క: సమ్మెలో ఉన్న జూనియర్ డాక్టర్లు 48 గంటల్లో డ్యూటీలో చేరకపోతే శిక్ష! ఉత్తర కొరియాకీ ఆస్పత్రి సమ్మెకీ ఏమిటర్రా సంబంధం? ముప్పు పేరు చెప్పి, తనకి తలనొప్పిగా ఉన్నవన్నీ ఆ చిట్టాలో కలిపేశాడు.

పార్లమెంటులో సగానికి పైగా సభ్యులు వద్దంటే అధ్యక్షుడు మార్షల్ లా ఎత్తేయాల్సిందేనని వాళ్ల రాజ్యాంగంలో ఉంది. స్పీకరంతటివాడు గోడ దూకి లోపలికి వెళ్లాడు. సైనికులు కిటికీలు పగలగొట్టి వస్తుండగానే ఓటింగ్ జరిగింది. హాజరైన 190 మందీ ఎత్తేయాలన్నారు. తెల్లారేలోపు అది రద్దయిపోయింది.

రెండు రోజులకి సియోల్ నేషనల్ యూనివర్సిటీ విద్యార్థులు చలిలో ఆరుబయట సభ పెట్టి, అధ్యక్షుడు దిగిపోవాలా అని ఓటేశారు. రెండున్నర వేల మందికి పైగా ఓటేస్తే కాదన్నది నలుగురు. వీళ్ల తాతల నాటి కథ ఒకటుంది. 1980 మే 18న అక్కడి గ్వాంగ్జూ నగరంలో, చొన్నం యూనివర్సిటీ గేటు దగ్గర చేరిన విద్యార్థులను పారాట్రూపర్లు చావబాదారు. అప్పుడూ ఉత్తర కొరియా బూచినే చూపించారు.

అలాగని విద్యార్థులందరిదీ ఒకే మాట అనుకోకండి. సియోల్ యూనివర్సిటీ సభకి వచ్చినవాళ్లు రావాలనిపించి వచ్చినవాళ్లు. 2025 ఫిబ్రవరిలో అదే క్యాంపస్‌లో యూన్‌ని తీసేయకూడదంటూ కూడా సభలు జరిగాయి. ఏప్రిల్ 4న కోర్టు అతన్ని పదవిలోంచి తీసేసింది.

మన సంగతీ చెప్పాలిగా. 1975 ఎమర్జెన్సీ గురించి కేంద్ర మంత్రులకే తెలిసింది మర్నాడు పొద్దున! 1977లో ఉత్తరాది ఇందిరాగాంధీని ఓడిస్తే, మన ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 ఆవిడ పార్టీకే ఇచ్చింది. రైళ్లు టైముకి వస్తున్నాయని మెచ్చుకున్న పెద్దమనుషుల్ని బోలెడుమందిని చూశాను. అప్పట్లో ఓటు వయసు 21, అంచేత మీ ఈడువాళ్లని ఎవరూ అడగనే లేదు. తర్వాత 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ తెచ్చి, మంత్రివర్గం రాతపూర్వకంగా చెబితేనే ఎమర్జెన్సీ పెట్టాలన్నారు, నెలలోపు పార్లమెంటు ఒప్పుకోవాలన్నారు. ఇందులో భద్రతని వదులుకున్నదేముంది? అడిగేవాళ్లు ఉండాలన్నారు, అంతే.

సర్వే పెట్టే మీ ఫ్రెండ్స్‌కి చెప్పి ఇంకో ప్రశ్న కలపమనండి: ముప్పు ఉందని ప్రభుత్వం అన్నప్పుడు దాన్ని ఎవరు సరిచూడాలి, ఎన్ని రోజుల్లో? పేర్లు మాత్రం రాయించుకోవద్దు. క్లాసులో చేతులు ఎత్తించనూ వద్దు, పక్కవాడిని చూసి ఎత్తేవాళ్లే ఎక్కువ.

మీ తాతయ్య