క్యాన్సర్ చికిత్సలో తిరిగొచ్చే బరువు

క్యాన్సర్ అనగానే మనిషి చిక్కి శల్యమైపోతాడనే అందరం అనుకుంటాం. కానీ రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునే స్త్రీలలోనూ, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స పొందే పురుషులలోనూ బరువు పెరిగేవారు చాలామందే ఉంటారు. అంతకు కొన్నేళ్ల ముందే బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) చేయించుకుని, ఎంతో శ్రమపడి ఒళ్లు తగ్గించుకున్నవారికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. మళ్లీ అదుపు తప్పానన్న సిగ్గుతో కొందరు ఆ మాటే డాక్టరు దగ్గర ఎత్తరు. నిజానికి ఇందులో వారి ప్రమేయం కన్నా మందుల ప్రమేయమే ఎక్కువ.

ఈ సర్జరీలోని స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేసి మిగిలినదాన్ని సన్నని గొట్టంలా కుడతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే పైభాగం దాంతోపాటే పోతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ పద్ధతిలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మిగిలిన జీర్ణాశయం నుంచి వేరుచేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఏ పద్ధతి అయినా గట్టి ఆహారం మీదే బాగా పనిచేస్తుంది. నమిలి మింగిన ఉడికించిన గుడ్డు కొంతసేపు లోపల నిలిచి కడుపు నిండిన భావన కలిగిస్తుంది. నీళ్లతో కలిపి తిన్న బిస్కెట్టు మాత్రం మెత్తబడి జారిపోతుంది, కాసేపటికే మరో రెండింటికి చోటిస్తుంది. వికారం, నోటిపూత, నాలుకకు ఏదీ రుచించకపోవడం వేధించే కీమో రోజుల్లో సహించేవి సరిగ్గా ఇలాంటి మెత్తని, తీపి, పిండి పదార్థాలే కనుక, రోజంతా కొంచెం కొంచెంగా తింటూ శస్త్రచికిత్స కట్టిన గట్టును పక్కనుంచి దాటేస్తున్నామని రోగికి తెలియదు.

దీనికి మందులు తోడవుతాయి. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఆకలినీ, రక్తంలో చక్కెరనూ పెంచుతాయి. కీమో వల్ల అండాశయాలు పని మానేస్తే ముందుగానే ముట్లుడిగి, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. పురుషులలో టెస్టోస్టిరాన్‌ను అణచే చికిత్స కండను కరిగించి ఆ చోట కొవ్వును నింపుతుంది. అలసటతో నడక తగ్గడం సరేసరి.

అందుకే బరువు చూసే యంత్రం ఈ దశలో నమ్మదగిన సాక్షి కాదని నా అభిప్రాయం. లీటరు నీరు కిలో తూగుతుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, పాదాలు వాచి, ఆయాసం వస్తే అది కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిన నీరు. డోసిటాక్సెల్ అనే కీమో మందు వాడేవారిలో ఇది తెలిసిన దుష్ప్రభావమే, వెంటనే వైద్యుడికి చెప్పాల్సిందే. ఇంకోవైపు, మూడు కిలోల కండ పోయి మూడు కిలోల కొవ్వు చేరినా అంకె కదలదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం నెలనెలా కష్టమవుతోందా అన్నది అంతకన్నా ఎక్కువ చెబుతుంది.

కాబట్టి చికిత్స నడుస్తుండగా కడుపు మాడ్చుకోవడం తగదు. ఉన్న కండను కాపాడుకోవడమే మొదటి పని. బేరియాట్రిక్ రోగులకు సాధారణంగా చెప్పే రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీను ఇప్పుడు మరింత అవసరం. ఆకలి ఉన్న కాస్త సమయంలో పళ్లెంలో ముందు ప్రోటీను, తర్వాతే మిగిలినవి. నయం చేసే ఉద్దేశంతో చికిత్స పొందుతున్నవారు నడకతోపాటు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలూ చేయాలని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2022లో సూచించింది. ఎముకలకు వ్యాధి పాకినవారు మాత్రం ముందు అనుమతి తీసుకోవాలి.

క్యాన్సర్ వైద్యుడికి పాత ఆపరేషన్ సంగతి తప్పక చెప్పాలి, ఏ పద్ధతిలో చేశారో సహా. బైపాస్ తర్వాత కొన్ని మాత్రలు సరిగా ఒంటబట్టవు. కరగడానికి జీర్ణాశయ ఆమ్లం కావలసిన నిలోటినిబ్ (రక్త క్యాన్సర్ మాత్ర) వంటివాటిలో ఆ అనుమానం ఎక్కువ. సర్జరీ తర్వాత రోజూ మింగే విటమిన్ మాత్రలోని ఫోలిక్ ఆమ్లం కేపెసిటబీన్ అనే కీమో మాత్ర దుష్ప్రభావాలను తీవ్రం చేయవచ్చు. అలాగని విటమిన్లన్నీ సొంతంగా మానేయడమూ ప్రమాదమే. బీ12 లోపిస్తే వచ్చే కాళ్ల తిమ్మిర్లు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు తెచ్చే తిమ్మిర్లలాగే ఉంటాయి, రక్తపరీక్ష చేస్తే తప్ప తేడా తెలియదు. ఇక వాంతులు రోజుల తరబడి ఆగకపోతే థయమిన్ (విటమిన్ బీ1) అడుగంటి మెదడుకే ముప్పు వస్తుంది. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ ఇవ్వడం అందుకే. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు బైపాస్ అతుకు దగ్గర పుండు పుట్టించవచ్చు.

చికిత్స ముగిశాక చూద్దామనుకోవడానికి కూడా ఒక చిక్కు ఉంది. కీమో నెలల్లో అయిపోతుంది, రొమ్ము క్యాన్సర్ హార్మోన్ మాత్రలు 5 నుంచి 10 ఏళ్లు నడుస్తాయి. కాబట్టి కీమో ముగిసి, తిండి నిలకడగా సహించడం మొదలైన దశలోనే సర్జన్, డైటీషియన్, క్యాన్సర్ వైద్యుడు కలిసి కొవ్వు తగ్గించే ప్రయత్నం ఆరంభించడం మేలు. ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్ల ప్రస్తావన రావలసింది అప్పుడే. వాటి వికారం కీమో వికారానికి తోడైతే అసలే అందని ప్రోటీను ఇంకా తగ్గిపోతుంది.