సిగార్, గ్లాసు: దావతుల్లో వినే అపోహలు, అసలు సంగతులు

హన్మకొండలో ఒక హోటల్ బార్ చూసుకుంటాను. పెళ్లిళ్ల సీజన్‌లో దుబాయ్, అమెరికా సూట్‌కేసుల్లోంచి సిగార్ పెట్టెలు దిగుతాయి, వాటితోపాటే సలహాలూ దిగుతాయి. ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: ఎంత నల్లగా ఉంటే అంత ఘాటు.

వాస్తవం: నలుపు పై ఆకుది. మదురో అనే ఆకును ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం మాగబెడతారు కాబట్టి ఆ రంగు వస్తుంది. రుచి చాలాసార్లు కాఫీ, చాక్లెట్ వైపు పోతుంది, కాస్త తీపి కూడా తగులుతుంది. ఘాటు తేల్చేది ముఖ్యంగా లోపలి ఆకులు. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలిన ఆకుల్లో నికోటిన్ ఎక్కువ. అవి దండిగా పడితే లేత రంగు సిగార్ కూడా తల తిప్పేస్తుంది. ఖాళీ కడుపున అయితే మరీను: చెమటలు, వాంతి. ముందు ఏమైనా తినండి. అయినా తిప్పితే సిగార్ పక్కన పెట్టి, నీళ్లు తాగి, కాస్త చక్కెర నోట్లో వేసుకుని కూర్చోండి.

అపోహ: పొగ మింగం కదా, ఏం కాదు.

వాస్తవం: అవుతుంది. సిగార్ పొగలోని నికోటిన్ నోటి లోపలి పొరల్లోంచే రక్తంలోకి పోతుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్ మొత్తానికి సరిపడా పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉన్నదే, మందు తోడైతే అది ఇంకా పెరుగుతుంది. నా గిరాకీ దెబ్బతిన్నా సరే, అలవాటు లేనివాళ్లకు మొదలుపెట్టమని చెప్పను.

అపోహ: ఎండాకాలం ఫ్రిజ్‌లో పెడితే బాగుంటుంది.

వాస్తవం: మన దగ్గర సిగార్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వాటికి కావాల్సింది 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల చల్లదనం. ఫ్రిజ్ చల్లగానే ఉంటుంది కానీ తేమంతా లాగేస్తుంది, పైగా నిన్నటి చేపల పులుసు వాసన పట్టిస్తుంది. అలాగని వరంగల్ మే నెలలో బీరువాలో వదిలేస్తే ఇంకో గోల. 24 డిగ్రీలు దాటితే ఆకులో ఉన్న పొగాకు పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం ఉంది. పై ఆకు మీద పిన్నుతో గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తే సంగతి అదే. సిగార్‌ను చెవి దగ్గర పెట్టి రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. చిటపటమంటే ఎండిపోయింది. వేళ్లకు కొద్దిగా మెత్తగా ఆనాలి. సిగార్ల కోసం తేమ నిలిపే పెద్ద పెట్టె కొనక్కర్లేదు. గాలి దూరని డబ్బాలో, తేమను 69 శాతం దగ్గర నిలిపే చిన్న ప్యాకెట్ ఒకటి వేసి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో పెడితే చాలు.

అపోహ: సిగార్ కొసను బ్రాందీలో ముంచి కాల్చాలి.

వాస్తవం: ఆకు ఉబ్బుతుంది, లాగితే గాలి రాదు. బ్రాందీ గ్లాసులోనే ఉండనివ్వండి.

అపోహ: ఖరీదైన సిగార్‌కు ఖరీదైన స్కాచే జోడీ.

వాస్తవం: చూడాల్సింది ధర కాదు, రుచి ఎంత బరువైనదో. కనెక్టికట్ అనే లేత రంగు పై ఆకు చుట్టిన సిగార్ పక్కన, స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి వచ్చే పొగ వాసన కొట్టే విస్కీ పెడితే సిగార్ ఉందో లేదో కూడా తెలియదు. దానికి తేలికపాటి రమ్ము చాలు. మదురోకు బాగా ఏజ్ చేసిన డార్క్ రమ్ము కుదురుతుంది, కోలా కలపకుండా. గ్లాసు నిండా ఐస్, సోడా పోస్తే నాలుక మొద్దుబారి రెండూ పోతాయి.

జోడీ కుదిరిందో లేదో చూడాలంటే, ముందు నీళ్లు మాత్రమే తాగుతూ నాలుగు పఫ్‌లు తీయండి. తర్వాత మందు ఒక గుటక విడిగా తాగండి. ఆ రుచి నోట్లో ఉండగానే పొగ తీయండి. చేదు పెరిగితే జోడీ కుదరనట్టే. మందు ముట్టనివాళ్లకు చిక్కటి ఫిల్టర్ కాఫీ ఇస్తాను, నిజానికి నా ఓటు దానికే. కల్లు గురించి అడుగుతారు: పొద్దున దించిన తీపి తాటికల్లయితే లేత సిగార్‌తో ఫర్వాలేదు, సాయంత్రానికి పులిసింది మాత్రం వద్దు. కల్లుకు సర్వపిండి ఉండగా సిగార్ ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: చివర్లో చేదు రావడం మంచి సిగార్ గుర్తు.

వాస్తవం: అది ఎక్కువగా తొందర గుర్తు. నిమిషానికి ఒక పఫ్ చాలు. వరసగా లాగితే నిప్పు వేడెక్కి ఆకు మాడుతుంది. చేదు మొదలైతే యాష్‌ట్రేలో వదిలేయండి, నలపకండి. దానంతట అదే ఆరిపోతుంది.

అపోహ: బార్‌లో కూర్చుంటే ఎక్కడైనా వెలిగించొచ్చు.

వాస్తవం: 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధం. కనీసం 30 గదులున్న హోటళ్లు, కనీసం 30 సీట్లున్న రెస్టారెంట్లు వేరే స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు. ఆ గదిలో ఏదీ సర్వ్ చేయకూడదని 2017లో రూల్ వచ్చింది. అందుకే ఈ జోడీలు నేను ఎక్కువగా ఫాంహౌస్ దావతుల్లోనే కలుపుతాను. ఏసీ హాల్లో వెలిగించొద్దని మా బార్‌లో పనిచేసే పిల్లగాడు అంటే వాడి మీద గరం కాకండి.