రవీంద్రభారతి: అపోహలు - వాస్తవాలు

నాటకాలకు లైటింగ్ చేయడం నా పని. హైదరాబాద్‌లో నాటకమనగానే అందరికీ రవీంద్రభారతే గుర్తొస్తుంది. కానీ దాని గురించీ, ఇక్కడి నాటకాల గురించీ తప్పుగా అనుకునేవి కూడా చాలానే ఉన్నాయి.

అపోహ: టాగోర్ వచ్చి ప్రారంభించారు కాబట్టే ఆ పేరు పెట్టారు.

వాస్తవం: ఆయన 1941లోనే కన్నుమూశారు. 1961లో ఆయన శతజయంతి వచ్చినప్పుడు దేశంలో చాలా నగరాలు ఆయన పేరిట నాటకశాలలు తలపెట్టాయి. కోల్‌కతా రవీంద్రసదన్, బెంగళూరు రవీంద్ర కళాక్షేత్ర, మన రవీంద్రభారతి ఆ కోవలోవే.

అపోహ: అది సన్మాన సభల హాలు. నాటకాలు అప్పుడప్పుడూ వేస్తారు.

వాస్తవం: సభలు ఎక్కువగా జరిగే మాట నిజమే, అది నాకు బాధ కూడా. సభకు వేదికంతా ఒకేలా వెలుగుంటే సరిపోతుంది. నాటకానికి వెలుగుతో పాటు చీకటీ కావాలి. సెట్ నిలబెట్టాక ఒక్కో లైటు ఎవరి మీద, ఏ కోణంలో పడాలో సరిచూసుకోవాలి. పద్యం అందుకున్న నటుడు రాగం తీస్తూ రెండడుగులు ముందుకొస్తాడు, అప్పుడు ముఖం మీద వెలుగు తగ్గకూడదు. పొద్దున సభ పెట్టి సాయంత్రం నాటకానికి హాలిస్తే ఇవన్నీ హడావుడిగా చేయాలి. ఆ టెన్షన్ ప్రేక్షకులకు కనిపించదు, నాటకం మీద మాత్రం పడుతుంది. నాటకం ఉన్న రోజు వేదికను పొద్దుటి నుంచే ఆ బృందానికి ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: సురభి నాటకాలంటే ట్రిక్కులే.

వాస్తవం: మాయాబజార్‌లో మాయలు చూసి పిల్లలు కేరింతలు కొడతారు, అది సురభి గొప్పే. కానీ 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాల బలం నటనలోనూ పాటలోనూ ఉంది. మిగతా చోట్ల మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో సురభి స్త్రీలు రంగం మీదికొచ్చారు. తెర దించే తాడు దగ్గర నిలబడినవాళ్లు కూడా సంభాషణలు కంఠతా వచ్చినవాళ్లే.

అపోహ: ఈ నగరంలో నాటకమంటే తెలుగు నాటకమే.

వాస్తవం: ఇక్కడి ఉర్దూ నాటకానికి ఖాదర్ అలీ బేగ్ లాంటివాళ్ల కృషి ఉంది. ఆయన పేరిట నాటకోత్సవం కూడా జరుగుతోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖ ఉంది. అక్కడ చదివిన పిల్లలతో పనిచేసేటప్పుడు లైటింగ్ గురించి వాళ్లడిగే ప్రశ్నలు నన్ను మళ్లీ పుస్తకాలు తిరగేయిస్తాయి.