మహేంద్రతనయ గట్టు మీద పిల్లల నడక

పర్లాకిమిడిలో చుట్టాలింటికి సెలవులకు వచ్చిన కుటుంబాలు రెండో రోజు పొద్దున్నే వేసే ప్రశ్న దాదాపు ఒకటే: పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలి? ఇంటివారి జవాబు కూడా మారదు. గజపతుల రాజభవనం చూపించండి, ఆ తరువాత బండి మాట్లాడుకుని మహేంద్రగిరి ఎక్కించండి అంటారు. ఈ సలహాలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. 1900లోనే నౌపడా నుంచి చిన్న రైలు మార్గం వేయించుకున్న సంస్థానం ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు చేరినా, నేటికీ సగం బజారు తెలుగులోనే బేరమాడే ఊరు ఇది. ఇక్కడ రాజభవనం చూడకుండా వెళ్లమని ఎవరికీ చెప్పలేను. రెండో సగం విషయంలోనే నా అభిప్రాయం వేరు. పదేళ్ల లోపు పిల్లలకు కొండ శిఖరం కన్నా ఊరి చివర గట్టు, గెడ్డ, జీడితోట అంచు ఎక్కువ పనికివస్తాయి.

కారణం పిల్లల కాళ్లలోనూ కళ్లలోనూ ఉంది. పెద్దవారు గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచే బాట మీద ఆరేళ్ల పిల్ల మధ్యమధ్య ఆగుతూ రెండు కిలోమీటర్లు నడిస్తే అదే గొప్ప. పైగా ఆమె చూపు నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి, మనం దృశ్యం అనుకునే దూరపు కొండల వరస ఆమెకు నీలం గీతగా మాత్రమే కనిపిస్తుంది, మనం దాటిపోయిన రాయీ పురుగూ మాత్రం పూర్తి వివరంగా కనిపిస్తాయి. ఈ ప్రాంతపు అసలు విశేషాలన్నీ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉండటం మన అదృష్టం.

మొదట ఇసుక సంగతి చూద్దాం. ఊరిని ఆనుకుని పారే మహేంద్రతనయ దిగువన వంశధారలో కలుస్తుంది. వాన తగ్గి నీరు పలచబడిన రోజుల్లో ఇసుక తిన్నె మీద వంగి చూస్తే, గులకరాళ్ల వెనుక నీడల్లాగా ముదురు ఎరుపు, నలుపు చారలు కనిపిస్తాయి. ఎర్రవి గార్నెట్ రేణువులు. మనం ఉంగరాల్లో పొదిగే గోమేదికం కూడా గార్నెట్ జాతిదే, కాకపోతే అందులో కాల్షియం ఎక్కువ, ఈ రేణువుల్లో ఇనుము ఎక్కువ. తెల్ల ఇసుకతో కలిసి వచ్చిన ఈ రేణువులు విడిగా చారలు కట్టడానికి కారణం బరువే. మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, అదే పరిమాణం నీటి కన్నా రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువుంటే గార్నెట్ దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది. అందుచేత రాయి వెనుక ప్రవాహం నెమ్మదించినచోట తేలికవి కొట్టుకుపోయి బరువైనవి మిగులుతాయి. చాటలో బియ్యం చెరిగే అమ్మమ్మ గాలితో చేసే పనిని ఇక్కడ నీరు చేస్తోంది. ఒక చిన్న అయస్కాంతం వెంట తీసుకువెళితే నల్ల రేణువుల్లో కొన్ని దానికి మీసాల్లా అంటుకుంటాయి, అవి మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. గార్నెట్‌ను మామూలు అయస్కాంతం లాగలేదు.

ఈ రేణువులు పుట్టింది నదిలో కాదు. తూర్పు కనుమల్లో ఈ భాగమంతా ఖొండలైట్, చార్నొకైట్ అనే రాళ్లతో కట్టుబడి ఉంది. ఒడిశా కొండల్లోని కోందు గిరిజనుల పేరు మీదుగా 1902లో ఖొండలైట్‌కు ఆ పేరు వచ్చింది. కోణార్క గుడి శిల్పాల్లో ఎక్కువ భాగం ఈ రాతివే. ఒకనాటి బురద మేటలు భూమి లోతుల్లోకి కూరుకుపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ఉడికి, గార్నెట్లు పొదిగిన రాళ్లుగా మారాయి. పైనున్న పొరలు అరిగిపోగా బయటపడి, ఎండకూ వానకూ చివికి మళ్లీ మట్టి అవుతున్నాయి. వాటిలోని ఇనుము తుప్పుపట్టడం వల్లనే మన మెట్ట నేలలకు ఆ ఎరుపు వచ్చింది. చివికిపోని గార్నెట్ వాగుల మీదుగా సముద్రం చేరి తీరపు ఇసుకలో పేరుకుంటుంది. గంజాం జిల్లా ఛత్రపురంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ తవ్వితీసే ఖనిజపు ఇసుకలో గార్నెట్ ఒకటి, అది ఉప్పుకాగితం తయారీకి వెళుతుంది. ఇంట్లో తలుపు నునుపు చేసిన గరుకు కాగితానికీ గెడ్డలోని ఎర్ర చారకూ చుట్టరికం ఉందని చెప్పినప్పుడు, నా అనుభవంలో, పిల్లలు నమ్మరు. ఇసుకను వేళ్లతో నలిపి చూసి అప్పుడు నమ్ముతారు.

గెడ్డ అన్నాను. పాఠ్యపుస్తకం వాగు అంటుంది. ఈ ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, కొండ మీది సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చి, మరోవైపు తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి పేరు తలచుకున్నాక ఇక్కడి మాటను ఇక్కడి మాటగానే రాయడానికి సంకోచం అక్కరలేదు. పిల్లలకు చెట్టు శాస్త్రీయ నామం కన్నా ముందు స్థానిక నామం చెప్పడం మంచిదని కూడా నా నమ్మకం, ఎందుకంటే ఆ పేరులో తరచుగా ఒక పరిశీలన దాగి ఉంటుంది.

పుట్టగొడుగునే తీసుకోండి. గట్టు దాటి జీడితోట వైపు వెళ్లే బాటలో నడుమెత్తు చెదపుట్టలు కనిపిస్తాయి. మన దేశంలో ఇలాంటి పుట్టలు కట్టే చెదల్లో చాలా జాతులు కట్టెను నేరుగా అరిగించుకోలేవు. నమిలిన ఎండుటాకును, పుల్లను లోపలి గదుల్లో మెత్తగా పేర్చి, దాని మీద ఒక బూజును సాగు చేసి, అది మెత్తబరచిన పదార్థాన్ని తింటాయి. వానలు పడగానే ఆ బూజు పుట్టను చీల్చుకుని గొడుగులా పైకి వస్తుంది. పుట్ట మీద వచ్చే గొడుగు కనుకనే పుట్టగొడుగు. చెదలకూ శిలీంధ్రానికీ మధ్య ఉన్న పొత్తును ప్రయోగశాల తేల్చడానికి ఎంతో ముందే మన మాట ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టింది. అయితే తినదగినదేదో విషమేదో గుర్తుపట్టడం అనుభవజ్ఞుల పని. పిల్లలతో వెళ్లినప్పుడు చూడటమే తప్ప కోయకూడదన్నది మా నియమం.

పిల్లలతో ఒక పూటంతా గడపడానికి ఆ ఒక్క పుట్ట చాలు. తొలకరి సాయంత్రం రెక్కల చెదలు, అంటే ఉసిళ్లు, దాని కన్నాల్లోంచి పొగలా లేస్తాయి. తీగ మీద కూర్చున్న పాలపిట్ట వాటిలో కొన్నిటిని పట్టి తింటుంది. దసరా నాడు మనం వెతికే ఈ పక్షి ఒడిశా రాష్ట్ర పక్షి కూడా. దాని రెక్కల్లో నీలం రంగు పదార్థమేదీ లేదన్నది పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి. ఈకలోని అతిసూక్ష్మమైన గాలి గదులు వెలుగులోని నీలాన్ని మాత్రం వెనక్కి చిమ్మడం వల్ల ఆ రంగు కనిపిస్తుంది. రాలిన ఈక దొరికితే వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూడమనండి. నీలం మాయమై గోధుమ రంగు మిగులుతుంది.

అదే రోజుల్లో, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె ప్రవేశించినప్పుడు, తడిసిన నేల మీద ఎర్రని మఖమలు గుండీల్లా ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. వాటి కాళ్లు లెక్కపెట్టమని పిల్లలకు పని చెప్పవచ్చు. ఎనిమిది ఉంటాయి, కాబట్టి ఇవి కీటకాలు కావు, సాలీడుకు, తేలుకు దగ్గరి చుట్టాలు. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే దాగి, నాలుగు చినుకులు పడ్డాక చెదలను తినడానికి, జత కట్టడానికి కొద్ది గంటల పాటు పైకి వస్తాయి. రుచికి చేదని పక్షులను హెచ్చరించడానికే అంతటి ఎరుపు. వీటివల్ల మనకు హాని లేదు.

హాని చేసేది వీటి దూరపు బంధువు. పొదల్లో, పొడుగు గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి (మంచాల్లో చేరే నల్లి కాదు, మైట్) పిల్లల కాటు వల్ల స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది; ఒడిశాలో వానాకాలం, దాని వెనువెంటనే వచ్చే నెలల్లో కేసులు ఎక్కువగా కనిపిస్తుంటాయి. నడకకు నిండు చేతుల చొక్కా, మేజోళ్లలోకి దోపిన పొడుగు ప్యాంటు వేయడం, గడ్డి మీద నేరుగా కూర్చోకుండా చాప పరచుకోవడం, ఇంటికి రాగానే స్నానం చేయించి బట్టలు మార్చడం చాలావరకు కాపాడతాయి. తరువాతి రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పొక్కు కనిపిస్తే, గట్టు మీద నడిచిన సంగతి వైద్యుడికి చెప్పాలి. వేళకు గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో నయమయ్యే జబ్బు ఇది.

పుట్టకు మరో అతిథి ఉంది, దాన్ని మాత్రం కలుసుకోకూడదు. ఎలుగుబంటికి పై దవడ ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదలను గాలితో సహా జుర్రుకుంటుంది, ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున రాలే ఇప్పపూల కోసం, ఆ తరువాత జీడిపళ్ల కోసం అది తోటల్లోకి దిగుతుంది. కాబట్టి ఆ నెలల్లో ఎండ బాగా వచ్చాకే బయలుదేరి, పొద్దు వాలకముందే తిరిగిరావాలి, ఊరివారిని అడగకుండా కొత్త బాట పట్టకూడదు. పుట్ట కొత్తగా తవ్వి ఉందంటే అక్కడి నుంచే వెనుదిరగడం తెలివైన పని. కంచెల మీది గురువింద గింజలు అందంగా ఉన్నా విషపూరితం, చిన్నపిల్లల జేబుల్లో చేరనివ్వరాదు.

కొంచెం పైకి, కొండ మొదటి వాలు దాకా వెళితే అడ్డతీగ పలుకరిస్తుంది. పెళ్లి విస్తళ్లు కుట్టే అడ్డాకులు దీనివే. చెట్టు మీదుగా చెట్టుకు పాకే ఈ మహాతీగ కాయలు వేసవిలో ఎండి, రెండు బద్దలూ చెరో వైపు మెలితిరిగి, ఆ బిగువు పట్టు తప్పినప్పుడు ఫట్టున పేలి గింజలను విసిరికొడతాయి. మధ్యాహ్నపు నిశ్శబ్దంలో ఆ చప్పుడు విని తుపాకీ అనుకుని మా చిన్నది నా వెనుక దాక్కుంది.

పిల్లలు ఇంత నడిచి అలవాటుపడ్డాక మహేంద్రగిరి పెట్టుకోవచ్చు. 2022లో ఒడిశా ప్రభుత్వం సిమిలిపాల్ తరువాత తమ రెండో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన కొండ అది, ఎత్తు 1501 మీటర్లు. కిలోమీటరు పైకి వెళితే సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కనుక, బారువ సముద్రపు ఒడ్డుకూ ఆ శిఖరానికీ తొమ్మిది, పది డిగ్రీల తేడా ఉంటుంది. ఘాటు మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలకు బయలుదేరేముందు ఇడ్లీకి మించి ఏమీ పెట్టకండి. డిసెంబరులో అయితే స్వెట్టర్లు సంచి అడుగున కాకుండా పైన సర్దండి, ఎందుకంటే బండి దిగిన మొదటి నిమిషంలోనే వాటి అవసరం పడుతుంది.